పాటగాండ్ర సంఘము మూతబడినచో సభ్యులేమగుదురు?

(కుంఠా నాకాలో జరిగిన సంఘ సభయందు చేయబడిన ఉపన్యాస పాఠము)



ఈనాటి విషయమును చూచినవారిలో కొందరికి, మగ్గముల పేటలో పాటగాండ్ర పద్దుల ముచ్చట యేలనని తోచియుండవచ్చును. నూలు ధరను గూర్చియో, కరెంటు రేటును గూర్చియో, బీడీలు చుట్టు స్త్రీల కూలిని గూర్చియో మాటలాడుకొనుట మనకు వాడుక. అయినను పెండ్లిండ్లలో వాద్యము వాయించువారు, ఆర్కెస్ట్రాలలో పాడువారు, భక్తి పాటలను క్యాసెట్లకు పాడి యిచ్చినవారు మనలోను గలరు. పాటలు వినిపించుచు హోటలు నడుపుకొనువారును గలరు. హోటలువాని చేతినుండి పాటగాని చేతికి డబ్బు చేరు దారిలో ఒక సంఘముండును. ఆ సంఘము మూతబడి, దాని సభ్యులు వేరొక సంఘమునకు బదిలీ చేయబడినప్పుడు వారి హక్కు లేమగును? వారికి రావలసిన బాకీ యెవరి యొద్ద నిలుచును? ఇదియే నేటి ప్రసంగ విషయము.

ముందుగా రాయల్టీ యన నేమో మన భాషలో చెప్పుకొందము. మనము చాదరు నేసి అమ్మితిమి, ధర పుచ్చుకొంటిమి. కొన్నవాడు దానిని ఇరువది యేండ్లు కప్పుకొన్నను మనకు మరల నొక పైస రాదు, రావలెనని అడుగుటయు న్యాయము కాదు. పాట సంగతి యట్లు కాదు. పాట ఒకసారి పాడబడి రికార్డయిన పిమ్మట, దానిని వేయిమంది వేయిచోట్ల వినిపించి లాభము గడింపవచ్చును. వినిపించిన ప్రతిసారి కొంత రుసుము పాటను పుట్టించినవారికి చెల్లవలెనన్నది చట్టము. చాదరుపై నెమలిని దింపుటకు జకార్డు అట్టలను సిద్ధము చేసిన పనివాడు, ఆ నెమలి నేయబడినన్నాళ్లు తనకును కొంత రావలెనని కోరినట్లు ఊహించుకొనుడు. మనవారిలో అట్టి యాచారము లేదు. పాటల లోకమున కలదు.

అయితే ఒక పాటకు హక్కుదారు లొకరు కారు. 2023లో ఆస్కారు బహుమానము పొందిన 'నాటు నాటు' పాటను తీసికొనుడు. బహుమానము రచయిత చంద్రబోసుకును, స్వరకర్త కీరవాణికిని వచ్చినది. పాడినవారు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. వీరు గాక డప్పులు వాయించిన చేతులు, తీగవాద్యములు మీటిన వ్రేళ్లు వేరు. రికార్డు చేయించి పెట్టుబడి పెట్టిన కంపెనీ వేరు. రచయితకును స్వరకర్తకును ఉండునది ఒక హక్కు. పాడినవారికిని వాయించినవారికిని ఉండునది మరియొక హక్కు. రికార్డు కంపెనీకి ఉండునది మూడవ హక్కు. ఈ మూడింటిని కలిపి చూచినంత కాలము ఈ విషయమెవరికిని బోధపడదు. 2017 మార్చిలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారు అమెరికాలో కచేరీలు చేయుచుండగా, తన స్వరరచనలను అనుమతి లేక పాడరాదని ఇళయరాజాగారి పక్షమున నోటీసు వెళ్లినది. తాను పాడిన పాటను తాను పాడరాదా యని మన యిండ్లలోను ఎందరో ఆశ్చర్యపడిరి. గొంతు బాలుగారిది, స్వరము ఇళయరాజాగారిది; చట్టము దృష్టిలో అవి రెండును వేరు వేరు ఆస్తులు. ఎవరు న్యాయమన్నది నేను తీర్ప నక్కరలేదు. వేరు ఆస్తులకు వేరు సంఘములేల యేర్పడెనో ఈ యుదాహరణ చెప్పుచున్నది.

ఒక్కొక్క గాయకుడు ప్రతి హోటలునకును, ప్రతి రేడియో కేంద్రమునకును పోయి రుసుము అడుగలేడు. ప్రతి హోటలువాడును వేలకొలది పాటగాండ్రను వెదకలేడు. అందుచేత పాటగాండ్రు తమ హక్కులను ఒక సంఘమునకు వ్రాసియిత్తురు. సంఘము లైసెన్సు లిచ్చి, రుసుములు వసూలుచేసి, ఖర్చులు మినహాయించుకొని, మిగిలినది పంచును. పద్మశాలి కుటుంబములకు ఈ భావము క్రొత్తది కాదు. తెలంగాణమునుండి వచ్చిన మన పెద్దలు కూనపులివారి నెరుగుదురు. వారు పటము విప్పి మార్కండేయ పురాణమును, భావనాఋషి కథను మన యిండ్లవారికి చెప్పువారు. ఏ గ్రామము ఏ కుటుంబమునకు మిరాశియో వారిలో వారికి లెక్క కలదు. ఒకరి మిరాశి గ్రామమునకు మరియొకరు పోరు. కుటుంబము చీలినప్పుడు గ్రామములును పంచుకొనబడును. కాపీరైటు చట్టము పుట్టకముందే పాటకు హక్కు, హక్కునకు హద్దు, హద్దునకు వారసత్వము మన ముంగిట నుండినవి. ఆ లెక్క నోటిమాటతో నడచినది, ఈనాటి సంఘముల లెక్క కాగితముపై నడచుచున్నది. చిక్కంతయు ఆ కాగితములలోనే యున్నది.

ఇక సంఘము మూతబడి సభ్యులు బదిలీ యైన ప్రసిద్ధమైన ఉదంతము ఇంగ్లండులో జరిగినది. అచ్చట రచయితల కొరకును స్వరకర్తల కొరకును 1914లోనే పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ స్థాపింపబడెను. గ్రామఫోను రికార్డుల సంగతి తరువాత వచ్చినది. బ్రిస్టల్ పట్టణములో ఒక కాఫీ దుకాణమువారు గిరాకీల వినోదమునకై రికార్డు వేసిరి. రికార్డును మేము కొనుక్కొంటిమి కదా, వేసికొనుటకు మరల నెవరి యనుమతి యని వారి వాదము. గ్రామఫోను కంపెనీ వ్యాజ్యము వేసి 1933లో గెలిచెను. రికార్డును కొన్నవాడు రేకును కొనెనే గాని, దానిని పదుగురికి వినిపించు హక్కును కొనలేదని తేలినది. మరుసటి యేడు, అనగా 1934లో, రికార్డు కంపెనీలవారు కూడి ఫొనోగ్రాఫిక్ పెర్ఫార్మెన్స్ లిమిటెడ్ అను సంఘమును పెట్టిరి. దీనినే పి.పి.ఎల్. అందురు. కాఫీ దుకాణము మొదలుకొని రేడియో వరకు రికార్డు వినిపించువారందరు వీరికి రుసుము కట్టుట మొదలయ్యెను.

ఇందు గమనింపవలసిన దొకటి గలదు. ఈ సంఘము పాడినవారిది కాదు, కంపెనీలది. పాడినవారికిని వాయించినవారికిని అందు కొంత భాగమిచ్చుట కంపెనీల ఔదార్యముగనే చాలకాలము నడచెను. 1961లో రోము నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికలో ప్రదర్శకుల హక్కులు గుర్తింపబడెను. 1992లో ఐరోపా దేశముల కూటమి ఒక నిబంధన చేసెను. దానిని అనుసరించి ఇంగ్లండులో 1996 డిసెంబరు నుండి, రికార్డు వినిపింపబడినప్పుడు న్యాయమైన ప్రతిఫలము పొందుట గాయక వాద్యకారులకు చట్టబద్ధమైన హక్కయ్యెను. అంతవరకు దయగా వచ్చినది అటుపిమ్మట బాకీగా మారెను. దయకు రసీదు అక్కరలేదు. బాకీకి ఖాతా కావలెను.

ఆ ఖాతా చూచుటకై అచ్చటి కళాకారులు తమ సంఘములను తాము పెట్టుకొనిరి. ఒకటి పామ్రా, అనగా ప్రదర్శక కళాకారుల మాధ్యమ హక్కుల సంఘము. రెండవది ఆరా, అనగా రికార్డింగు కళాకారుల ఐక్య సంఘము. స్టూడియోలో దినకూలికి వయొలిను వాయించి వెళ్లిన వాద్యకారునకు కార్మిక సంఘముల అండతో నడచిన పామ్రా తోడయ్యెను. పేరుబడిన గాయకులు విశేషముగా ఆరాలో చేరిరి. ఒకే పాటలో ముందు నిలిచినవారి కొక సంఘము, వెనుక కూర్చున్నవారి కొక సంఘము! మన పేటలోనే యెన్ని సంఘములున్నవో లెక్కించినవారు ఇంగ్లీషువారిని చూచి నవ్వరు.

ఈ యేర్పాటులో లోప మేమనగా, డబ్బు వచ్చు మూల మొక్కటే. హోటలునుండియు రేడియోనుండియు వసూలు చేయునది పి.పి.ఎల్. దానినుండి కళాకారుల వాటా తీసికొని పంచునవి తక్కిన రెండు. మూడు కార్యాలయములు, మూడు జీతముల పట్టీలు, మూడు లెక్కల పుస్తకములు. ఒక పాటలో నెవరెవరు వాయించిరో మూడుచోట్ల వేరువేరుగా వ్రాసికొనుట. పైగా జర్మనీలోనో హాలండులోనో ఆ పాట వినిపింపబడినచో, ఆ దేశపు సంఘము ఇంగ్లండునకు పంపవలసిన సొమ్మును ఎవరికి పంపవలెనన్న సందేహము. ఈ ఖర్చంతయు చివరకు వాద్యకారుని వాటానుండియే పోవును. కడకు 2006లో పామ్రాయు, ఆరాయు పి.పి.ఎల్.లో విలీనమయ్యెను. ఆ రెండు సంఘముల సభ్యులు పి.పి.ఎల్. సభ్యులుగా చేర్చుకొనబడిరి. పి.పి.ఎల్. పాలకవర్గములో ప్రదర్శకుల ప్రతినిధులకు స్థానములు కల్పింపబడెను. వారి విషయములను చూచుటకు ప్రత్యేక మండలియు నేర్పడెను.

దీనిని విని కొందరు, కళాకారులు తమ యిల్లు విడిచి కంపెనీల యింటిలో కాపురము పెట్టిరని యనవచ్చును. ఆ శంక నిరాధారము కాదు. వసూలు చేయువాడును, వాటా కోరువాడును ఒకే కప్పు క్రింద నున్నప్పుడు, వాటా కోరువాని కంఠము సన్నగిల్లు ప్రమాద ముండును. అయినను నా మట్టుకు ఆ విలీనము సమంజసమైనదే యని తోచుచున్నది. తన గుమాస్తాల జీతములకే వసూళ్లను కరిగించు సంఘము పేరునకు స్వతంత్రమే గాని సభ్యునకు భారము. పాలకవర్గములో స్థానము లేక వెలుపల వేరుగా నుండుటకంటె, లోపల కూర్చుండి లెక్క అడుగుట మేలు. స్థానము లిచ్చిన తరువాతనే తలుపులు మూయవలెను గాని, తలుపులు మూసిన తరువాత స్థానముల మాట చూతమనుట మోసము.

మన దేశమునందును ఇట్టి బదిలీలు జరిగినవి. లండను నగరపు పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీవారే పూర్వము ఇక్కడను ఏజెంట్ల ద్వారా వసూళ్లు చేయుచుండిరి. 1969లో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, అనగా ఐ.పి.ఆర్.ఎస్., స్థాపింపబడి ఆ పని మన చేతికి వచ్చెను. అయితే చేతికి వచ్చినది పని మాత్రమే, బలము రాలేదు. 1977లో సుప్రీముకోర్టు ఐ.పి.ఆర్.ఎస్.కును సినిమా నిర్మాతలకును నడుమ వచ్చిన వ్యాజ్యములో, నిర్మాత డబ్బిచ్చి వ్రాయించుకొన్న పాటకు, వేరు ఒడంబడిక లేనిచో, నిర్మాతయే తొలి హక్కుదారని తీర్పు చెప్పెను. ఆ తీర్పునకు జస్టిస్ కృష్ణయ్యరుగారు ఒక అనుబంధము వ్రాసి, గాయకునకు మన చట్టములో ఏ రక్షణయు లేకపోవుటను పార్లమెంటు దృష్టికి తెచ్చిరి. పార్లమెంటు మేలుకొనుటకు కొంత కాలము పట్టినది. 1994 సవరణలో ప్రదర్శకుల హక్కు చట్టములో చేరినది. ఇప్పుడా హక్కు యేబది సంవత్సరములుండును. రచయిత స్వరకర్తల హక్కు వారి జీవితకాలమును, అటుపై అరువది సంవత్సరములును నిలుచును.

2012 జూన్ 21 నుండి అమలులోనికి వచ్చిన సవరణ మరింత ముఖ్యమైనది. సినిమా కొరకు పాట వ్రాసినవారును, స్వరము కూర్చినవారును, ఆ పాట సినిమాహాలులో గాక వెలుపల వినిపింపబడినప్పుడు వచ్చు రాయల్టీలో సమాన భాగము పొందు హక్కును తమ వారసులకో, కాపీరైటు సంఘమునకో తప్ప యెవరికిని వ్రాసియియ్యరాదు, ఇచ్చినను చెల్లదు. మన ఇండ్లలో అప్పుల వాడు వేలిముద్ర వేయించుకొన్న కాగితముల సంగతి తెలిసినవారికి ఈ నిబంధన విలువ వేరుగ చెప్ప నక్కరలేదు. అవసరములో నున్నవాడు దేనిపైనైనను సంతకము చేయును. అందుచే కొన్ని సంతకములు చెల్లవని చట్టమే చెప్పవలసి వచ్చినది. ఈ సవరణకై రాజ్యసభలో జావేద్ అఖ్తరుగారు పోరాడిరి.

అదే సవరణ ప్రతి కాపీరైటు సంఘమును మరల రిజిస్టరు చేయించుకొనుమని ఆదేశించెను. పాలకవర్గములో కృతికర్తలును, యజమానులును సమాన సంఖ్యలో నుండవలెననియు చెప్పెను. రిజిస్ట్రేషను ఐదేండ్ల కొకసారి పునరుద్ధరింపబడవలెను. ఇక్కడనే పెద్ద కలత పుట్టెను. రికార్డు కంపెనీలకు చెందిన భారతీయ పి.పి.ఎల్. 2014లో తన దరఖాస్తును వెనుకకు తీసికొని, కాపీరైటు సంఘముగా నుండుటయే మానుకొనెను. ఐ.పి.ఆర్.ఎస్. కొన్నేండ్లు రిజిస్ట్రేషను లేక నిలిచి, 2017 నవంబరులో తిరిగి రిజిస్టరయ్యెను. ఆ నడిమి కాలమున రచయితల మాట యేమి? వారి పాటలు మ్రోగక మానలేదు. వారికి లెక్క చెప్పవలసిన సంఘమునకు చట్టబద్ధమైన స్థానము లేదు. మూతపడుట యనగా తలుపునకు తాళము పడుటయే కాదు. బోర్డు వ్రేలాడుచునే యుండి, దాని అధికారము పోవుటయు మూతయే.

గాయకులు 2013లో తమకు వేరొక సంఘమును పెట్టుకొనిరి. భారతీయ గాయకుల హక్కుల సంఘము దాని పేరు. ఇస్రా యని పిలిచిరి. లతా మంగేష్కరు గారితో పాటు మన బాలుగారును దానికి ఆదిలోనే అండగా నిలిచినవారు. 2016లో ఢిల్లీ హైకోర్టు, గాయకుల రుసుము కట్టక పాటలు వినిపించిన వ్యాపార స్థలములకు వ్యతిరేకముగా ఈ సంఘము పక్షమున తీర్పు లిచ్చెను. తరువాత వాద్యకారులను గూడ కలుపుకొని దాని పేరు గాయక వాద్యకారుల హక్కుల సంఘముగా మారినది. 2023లో రికార్డు కంపెనీలతో దీనికి ఒప్పందము కుదిరినది. ఇంగ్లండులో ముందువరుసవారును వెనుకవరుసవారును రెండు సంఘములై తరువాత కలిసిరి. ఇక్కడ మొదట ముందువరుస కొక్కదానికే సంఘముండి, పిదప వెనుకవరుసకు చోటు దొరకినది. బాలుగారు 2020 సెప్టెంబరు 25న మనలను విడిచిరి. వారి గొంతు మ్రోగినంత కాలము వారసులకు వచ్చు భాగము ఈ లెక్కలపైననే యాధారపడియున్నది.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తును. సంఘము మూతబడి బదిలీ జరుగునప్పుడు ఏమేమి చేతులు మారును?

మన పాత మిల్లు ముచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనుడు. 1877లో స్థాపింపబడిన సోలాపూరు స్పిన్నింగు వీవింగు కంపెనీ మిల్లు 1949లో ఆగిపోయినది. 1950 జనవరిలో భారత ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా దాని నిర్వహణమును చేతికి తీసికొనెను. ఒక వాటాదారు, చిరంజిత్ లాల్ చౌధురి యనువారు, సుప్రీముకోర్టునకు పోయిరి. ఆ తీర్పును న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికిని చదువుచున్నారు. మిల్లు ఆగినను మరలు అచ్చటనే నిలిచియుండును, నూలు బేళ్లు గోదాములో నుండును. ఎవరు చేతికి తీసికొన్నను కన్నులతో చూచి లెక్కింపవచ్చును. పాటల సంఘమునకు మరలు లేవు. దాని ఆస్తి యంతయు మూడు నాలుగు విధములైన కాగితములు. అవి పోయిన సంఘమే పోయినట్లు.

మొదటిది సభ్యుడు వ్రాసియిచ్చిన అధికార పత్రము. నేను ఒక సంఘమును నమ్మి నా హక్కును వ్రాసియిచ్చితిని. ఆ సంఘము తన జాబితాను మరియొక సంఘమునకు అప్పగించినంత మాత్రమున నా నమ్మకమును గూడ అప్పగింపజాలదు. మన చట్టము ప్రకారము సభ్యుడు తానిచ్చిన అధికారమును వెనుకకు తీసికొనవచ్చును. అప్పటికే సంఘము చేసికొన్న ఒప్పందములకు మాత్రము భంగము రాదు. కావున బదిలీ జరుగునప్పుడు ప్రతి సభ్యునకు జాబు వ్రాసి, క్రొత్త పత్రముపై సంతకము తీసికొనుట న్యాయమైన పద్ధతి. జవాబీయనివాడు అంగీకరించినట్లే యని భావించుట సులభమైన పద్ధతి. సులభమైనదానినే ఆఫీసులు కోరుకొనును. మన పేటలో ఇల్లు మారనివారెందరు? సాఖర్ పేట చిరునామాకు వచ్చిన జాబు విడి ఘర్కుల్‌కు మారిన కుటుంబమునకు చేరునా? చేరని జాబునకు జవాబు రాకపోవుట అంగీకారము కాదు.

రెండవది ఎవరెక్కడ పాడిరి, ఎక్కడ వాయించిరి యన్న పట్టీ. ఇదియే అన్నింటికంటె విలువైనదియు, అన్నింటికంటె బలహీనమైనదియు. పాత గ్రామఫోను రికార్డు చీటీపై గాయకుని పేరుండును, హార్మోనియము వాయించినవాని పేరు తరచుగా నుండదు. సినిమా తెరపై సంగీత దర్శకుని పేరు వచ్చును, నలుబదిమంది వయొలిను వాద్యకారుల పేర్లు రావు. వారి పేర్లు ఆనాటి స్టూడియో హాజరు పట్టీలలోనో, ఏ వృద్ధ వాద్యకారుని జ్ఞాపకములోనో యుండును. ఒక సంఘము సంవత్సరముల తరబడి శ్రమించి ఇట్టి పట్టీ తయారుచేసినచో, మూతబడు దినమున దానిని చెక్కుచెదరక అప్పగించుట దాని ప్రథమ ధర్మము. ఒక పాట వరుసలో పేరు తప్పిపోయినచో ఆ వాద్యకారునకు ఆ పాటపై వచ్చు సొమ్ము ఆగిపోవును. ఆగినదని కూడ అతనికి తెలియదు. పేరు తప్పినదన్న జాబు ఎవ్వరును వ్రాయరు కదా.

పేర్ల చిక్కు మన తెలుగువారి విషయమున రెండింతలు. ఇంటిపేరు ముందు వ్రాయు అలవాటు మనది. తండ్రి పేరును నడుమ వ్రాసి ఇంటిపేరును చివర పెట్టు అలవాటు మహారాష్ట్రులది. మనవాడొకడు ఆధారు కార్డులో నొక విధముగను, బ్యాంకు పుస్తకములో నొక విధముగను, క్యాసెట్టు అట్టపై మరియొక విధముగను ఉండును. ఆఫీసు లెక్కలో ఆ మూడును ముగ్గురు మనుష్యులు. ముగ్గురిలో నొకనికి సొమ్ము మంజూరగును, రెండవవానికి బ్యాంకు ఖాతా యుండును, మూడవవాడు ఇంటిలో కూర్చుండి యెదురుచూచును.

మూడవది పంచక మిగిలిన సొమ్ము. ప్రతి సంఘములోను ఇది యుండును. ఎవరిదో తేలక, చిరునామా దొరకక, మరణించినవాని వారసులు రాక నిలిచిపోయిన మొత్తము. సంఘము నడచుచున్నన్నాళ్లు దీనిని గూర్చి యెవరును పెద్దగా నడుగరు. మూతబడు సమయమున మాత్రము ఈ సొమ్ముపై అందరి కన్నులును పడును. మూసివేత ఖర్చులకు దీనిని వాడుకొందమని యొకరు, క్రొత్త సంఘపు సాధారణ నిధిలో కలిపివేయుదమని యొకరు సలహా చెప్పుదురు. నా దృష్టిలో ఇది పరుల సొమ్ము. ఏ పాటపై ఎంత వచ్చినదో వివరముతో, వేరు ఖాతాగా, క్రొత్త సంఘమునకు పోవలెను. కొన్ని సంవత్సరములు దానిని ముట్టకుండ నుంచి పేర్లు ప్రకటింపవలెను. మన చీటీల సంగతి తెలిసినవారికి ఇంతకంటె వివరింప నక్కరలేదు. చీటీ నిర్వాహకుడు మారినను, పాడుకొనని సభ్యుని వాటా సభ్యునిదే కదా.

విదేశపు సంఘములతోడి ఒప్పందములును బదిలీ కావలసినవే. షోలాపూరులో పుట్టిన పిల్లవాడు నేడు అమెరికాలో కూర్చుండి ఘంటసాలగారి పాట వినును. ఆ సొమ్ము దేశములు దాటి రావలసి యుండును. పాత సంఘముతో ఒప్పందమున్న విదేశ సంఘము, క్రొత్తదానితో సంతకము లయ్యెడివరకు డబ్బు నిలిపివేయును. ఆ యాలస్యము పెద్ద కంపెనీకి లెక్కలోనిది కాదు. మందుల ఖర్చుకు ఎదురుచూచు వృద్ధ వాద్యకారునకు లెక్కలోనిదే.

రుసుము కట్టువారి పక్షమునను రెండు మాటలు చెప్పవలెను. సంఘములు మారినప్పుడెల్ల ఎవరికి కట్టవలెనో తెలియక హోటలువారు చిక్కుపడుట సహజము. ధ్వని ముద్రణల కొరకు 2021లో ఆర్.ఎం.పి.ఎల్. అను సంఘము రిజిస్టరయ్యెను, పి.పి.ఎల్. రిజిస్ట్రేషను లేకయే హక్కుదారుగా లైసెన్సు లిచ్చుచు వచ్చెను. ఇట్లు సంఘముగా రిజిస్టరు కానివారు లైసెన్సు లీయవచ్చునా యను విషయమై న్యాయస్థానములు ఒక్క మాటపై లేవు. 2021లో మద్రాసు హైకోర్టు ఈయరాదనెను. 2024 జనవరిలో బొంబాయి హైకోర్టు హక్కు యజమాని ఈయవచ్చుననెను. 2025లో ఢిల్లీ హైకోర్టులో తేలిన వివాదము సుప్రీముకోర్టు మెట్లెక్కినది. కావున ఎవరైన వచ్చి బిల్లు చూపినచో, ఏ పాటల జాబితాపై ఏ హక్కుతో అడుగుచున్నారో కాగితము చూపుమని మర్యాదగా కోరుట తప్పు కాదు. రచయితల రుసుము కట్టినంతనే గాయకుల రుసుము కట్టినట్లు కాదు. కంపెనీకి కట్టినంతనే రచయితలకు కట్టినట్లును కాదు.

మన మార్కండేయ రథోత్సవమునకు పాటలు పెట్టినచో లైసెన్సు కావలెనా యని కొందరు నన్నడిగిరి. నిజమైన మత సంబంధ కార్యములందు పాట వినిపించుట తప్పు కాదని చట్టమే మినహాయింపు నిచ్చినది. వివాహపు ఊరేగింపును, వివాహమునకు సంబంధించిన వేడుకలును అందులో చేరినవని వివరణయు నున్నది. 2023 జూలై 24న కేంద్ర ప్రభుత్వ శాఖ దీనినే మరల ప్రకటించెను. గోవా ప్రభుత్వము ఇట్టిదే యొక సర్క్యులరు జారీచేయగా, బొంబాయి హైకోర్టు గోవా పీఠము 2024 ఆగస్టులో దానిని కొట్టివేసెను. చట్టములోని మినహాయింపు మాత్రము చట్టములోనే యున్నది. వేడుక పేరుతో టిక్కెట్లమ్మి కచేరీ పెట్టినచో అది వేరు సంగతి.

ఇక మన పేటలోని కళాకారులకు నా మనవి. ఏ సంఘములోనైన చేరియున్నచో, మీ సభ్యత్వ సంఖ్యను, సంతకము చేసిన పత్రపు నకలును ఇంటిలో తెలిసినచోట నుంచుడు. నామినీ పేరు వ్రాయించుడు. చాలమంది భార్య పేరు వ్రాయింప మరచుదురు, మరణానంతరము ఆమె కోర్టు కాగితములకై తిరుగును. పాడిన, వాయించిన ప్రతి రికార్డునకు సంవత్సరము, స్టూడియో, తోడి కళాకారుల పేర్లు ఒక నోటు పుస్తకములో వ్రాయుడు. పాత క్యాసెట్ల అట్టలను చింపి పారవేయకుడు, అవియే సాక్ష్యములు. చరవాణిలో వాటి చిత్రము తీసి పిల్లల యొద్ద నుంచినను మంచిదే. సంఘము మారుచున్నదని జాబు వచ్చినచో చదువకయే సంతకము చేయకుడు. అందు మూడు ప్రశ్నలకు జవాబున్నదేమో చూడుడు: పాత బాకీ యెప్పటివరకు లెక్క కట్టబడినది, అది ఏ ఖాతాలోనికి పోవుచున్నది, క్రొత్త పాలకవర్గములో మనవంటివారికి ఓటున్నదా లేదా. ఇంగ్లీషు జాబు అర్థము కానిచో మన సంఘ కార్యాలయమునకు తీసికొని రండు. చదివి తెలుగులో చెప్పుటకు ఇక్కడ యువకులున్నారు.

పోయినవారి పిల్లలు గూడ ఈ సభలో నున్నారని యెరుగుదును. మీ తండ్రిగారో తాతగారో రికార్డులో వాయించియుండినచో, ప్రదర్శకుని హక్కు యేబది యేండ్లని లెక్కించి చూచుకొనుడు. 1980లో జరిగిన ముద్రణకు గడువు 2030 చివరకు గాని ముగియదు. మరణ ధ్రువపత్రము, వారసత్వ పత్రము, పాత రికార్డు చీటీ, బ్యాంకు పుస్తకము ఒకచోట చేర్చి దరఖాస్తు వ్రాయుటకు ఇంకను సమయమున్నది. మీ యింటిపేరును అన్ని కాగితములలోను ఒక్క తీరుగా వ్రాయించుటతో మొదలుపెట్టుడు.